నన్నారి ముంజల జెల్లీ: అచ్చులో పోసి బోర్లించే పద్ధతి

పళ్లెం మీద అచ్చు బోర్లించి, రెండింటినీ కలిపి గట్టిగా పట్టుకుని ఒక్కసారి అటూ ఇటూ కుదిపితే లోపల 'చప్'మని చిన్న చప్పుడు వస్తుంది. అది వినపడిందంటే జెల్లీ అచ్చును వదిలినట్టే. మెల్లగా అచ్చు పైకెత్తితే తేనెరంగు గుమ్మటం, దాని కడుపులో వేలాడుతున్నట్టు తెల్లటి ముంజ ముక్కలు, అడుగున కొబ్బరిపాల పీట కనిపిస్తాయి. పళ్లెం కదిపితే అదీ కదులుతుంది. పళ్లెం ఆగాక కూడా ఓ క్షణం ఊగుతూనే ఉంటుంది.

ఆ ఊగడమే ఈ వంటకానికి ప్రాణం. జెలటిన్ తక్కువైతే బోర్లించగానే చతికిలబడుతుంది. ఎక్కువైతే గోడలా నిలబడుతుంది గానీ నోట్లో రబ్బరు ముక్కలా సాగుతుంది. తన బరువు తాను మోసుకోగలిగినంత బలం ఉంటే చాలు. లీటరు అచ్చు విషయంలో చతికిలబడేదానికీ, రబ్బరైపోయేదానికీ మధ్య తేడా ఆరేడు గ్రాములకు మించదు. కాబట్టి చెంచాలను పక్కనబెట్టి ఒక చిన్న డిజిటల్ కాటా తెచ్చుకోండి. దీనికి మించిన సలహా ఈ వ్యాసంలో ఇంకొకటి లేదు.

ముందు జెలటిన్ సంగతి

మేకకాళ్ల పాయా మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తీసి చూడండి. చారు మొత్తం పేరుకుని, గరిటె దించితే గడ్డగా లేస్తుంది. పొయ్యి మీద పెడితే మళ్లీ నీళ్లవుతుంది. జెలటిన్ అంటే అదే. ఎముకల్లో, చర్మంలో ఉండే కొలాజెన్ గంటల తరబడి ఉడికితే వచ్చే పదార్థం. యూరప్‌లో ఒకప్పుడు దూడకాళ్లు ఉడకబెట్టి, కొవ్వు తీసేసి, గుడ్డు తెల్లసొనతో తేటపరిచి జెల్లీ చేసేవారు. రోజంతా పట్టే పని కావడంతో అది పెద్దింటి వంటకంగానే ఉండేది. 1845లో అమెరికాలో పీటర్ కూపర్ జెలటిన్ మిఠాయికి పేటెంట్ తీసుకున్నాడు. 1897లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెరాయ్ అనే ఊళ్లో పెర్ల్ వెయిట్ పళ్ల రుచులు కలిపిన పొడి చేసి, ఆయన భార్య మే దానికి జెల్-ఓ అని పేరు పెట్టాకే ఇది మామూలు ఇళ్లకు చేరింది.

మన దగ్గర బేకరీ సామాన్లు అమ్మే దుకాణాల్లో రుచీ రంగూ లేని జెలటిన్ పొడి దొరుకుతుంది. ప్యాకెట్ మీద మాంసాహార గుర్తు ఉంటుంది, చూసుకోండి. పశువులది, పందిది, చేపలది వేర్వేరుగా వస్తాయి. తినేవాళ్ల పట్టింపులు తెలుసుకుని కొనండి. శాకాహారులకైతే చైనా గ్రాస్ పద్ధతి చివర్లో ఉంది.

ఒక కంపెనీ జెలటిన్ ఉన్నంత గట్టిగా ఇంకోటి ఉండదు. దీన్ని కొలిచే అంకెను 'బ్లూమ్' అంటారు. ఆస్కార్ బ్లూమ్ అనే ఆయన 1925లో పేటెంట్ తీసుకున్న పరికరం నుంచి వచ్చిన పేరు ఇది. 6.67 శాతం జెలటిన్ ద్రావణాన్ని 10 డిగ్రీల చలిలో పదహారు నుంచి పద్దెనిమిది గంటలు ఉంచి, అరంగుళం వెడల్పు కడ్డీ దాని లోపలికి 4 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని గ్రాముల బరువు కావాలో చూస్తారు. అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ. కింది కొలతలు 200 నుంచి 250 బ్లూమ్ మధ్య ఉండే పొడికి. మీ ప్యాకెట్ మీద 160 అని ఉంటే 12 గ్రాముల చోట 14 వేయండి.

ప్యాకెట్ మీద ఆ అంకె లేకపోతే, చాలా వాటిమీద ఉండదు కూడా, ముందురోజు ఒక చిన్న పరీక్ష చేసుకోండి. 2 గ్రాముల పొడిని 100 మిల్లీలీటర్ల నీళ్లలో నానబెట్టి, కరిగించి, చిన్న స్టీలు గిన్నెలో పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున బోర్లిస్తే అంచులు నిలబడి, ముట్టుకుంటే ఊగాలి. కూలిపోతే ఆ పొడి బలహీనం, మొత్తం మీద ఐదో వంతు పెంచండి. ముద్దలా కదలకుండా కూర్చుంటే ఐదో వంతు తగ్గించండి. రెండు గ్రాముల పొడి ఖర్చుతో పోయే చిక్కు ఇది.

కావలసినవి

లీటరు పట్టే అచ్చుకు, ఎనిమిది మందికి సరిపోతుంది.

పై పొరకు: నన్నారి సిరప్ 125 మిల్లీలీటర్లు, నీళ్లు 400 మిల్లీలీటర్లు, వడకట్టిన నిమ్మరసం 25 మిల్లీలీటర్లు, జెలటిన్ 12 గ్రాములు, లేత ముంజలు ఆరు (తొక్క తీశాక ముక్కలు 150 గ్రాములు రావాలి).

అడుగు పొరకు: చిక్కటి కొబ్బరిపాలు 220 మిల్లీలీటర్లు, నీళ్లు 50 మిల్లీలీటర్లు, పంచదార 30 గ్రాములు, చిటికెడు ఉప్పు, జెలటిన్ 6 గ్రాములు.

నన్నారి అంటే సుగంధి పాల వేళ్లతో కాచిన పాకం. రాయలసీమలో ఎండాకాలం బండి మీద నిమ్మకాయ పిండి, సోడా కొట్టి ఇచ్చేది ఇదే. సిరప్‌ల తీపిలో తేడాలుంటాయి కాబట్టి కలిపాక రుచి చూడండి. తాగడానికి 'కాస్త ఎక్కువైందే' అనిపించే తీపి ఇక్కడ సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే చల్లటి పదార్థంలో నాలుకకు తీపి తగ్గి తెలుస్తుంది.

ముంజలు లేతవే కొనండి. వేలితో నొక్కితే లోపల నీళ్లు కదలాలి. ముదిరినవి ఎంత మంచి జెల్లీలో వేసినా గట్టి ముక్కల్లా పళ్ల కింద పడతాయి. పైన ఉండే పల్చటి గోధుమరంగు పొర ఒగరు, దాన్ని పూర్తిగా తీసేయాలి. ఒక్కో ముంజను నాలుగు ముక్కలు చేసి, లోపలి నీళ్లు పోనిచ్చి, శుభ్రమైన గుడ్డ మీద పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆ నీళ్లు అలాగే ఉంటే జెల్లీ పలచబడుతుంది, తేటదనమూ పోతుంది.

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్నవాళ్లకు తాజా ముంజలు దొరక్కపోవచ్చు. ఆసియా దుకాణాల్లో థాయిలాండ్ నుంచి డబ్బాల్లో వచ్చే తాటి గింజలు ఇవే, పాకం కడిగి వాడుకోండి. అమెరికాలో జెలటిన్ ఒక్కో పొట్లం ఏడు గ్రాములు, రెండున్నర పొట్లాలతో పని అయిపోతుంది. ముంజల కాలం కాకపోతే గింజల్లేని ద్రాక్షను సగానికి కోసి వేయండి.

ఏ అచ్చు?

పలచటి స్టీలు లేదా అల్యూమినియం అచ్చు అన్నిటికన్నా మేలు. వేడినీళ్లలో ముంచగానే లోహం వేడిని తక్షణం లోపలికి పంపుతుంది, జెల్లీ అంచు వెంట్రుకవాసి మందాన కరిగి జారుతుంది. గాజుకు, మందపాటి ప్లాస్టిక్‌కు ఇదే పని ఆలస్యంగా జరుగుతుంది. సిలికాన్ అచ్చులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ మెత్తగా ఉండి, ఫ్రిజ్‌లోకి మోసుకెళ్లేటప్పుడే వంగిపోతాయి. కింద ఒక పళ్లెం పెట్టుకోవాలి. మధ్యలో బొడ్డు ఉన్న కేకు అచ్చయితే చలి మధ్యదాకా త్వరగా చేరుతుంది, జెల్లీ నిలకడగా కూర్చుంటుంది. మొదటిసారి చేసేవాళ్లు దానితో మొదలుపెడితే ధైర్యం వస్తుంది. ప్రత్యేకమైన అచ్చేమీ లేకపోతే అంచులు బయటికి వాలిన స్టీలు గిన్నె చాలు. మూతి సన్నగా, పొట్ట పెద్దగా ఉన్న గిన్నెలో మాత్రం పోయకండి, అందులోంచి జెల్లీని తీయడం ఎవరి తరమూ కాదు.

ఏ అచ్చయినా ముందు నీళ్లతో నింపి, ఆ నీళ్లను కొలిచి చూడండి. లీటరు అని అమ్మినది ఎనిమిది వందలే పట్టడం మామూలే. జెల్లీ అంచుదాకా నిండుగా ఉండాలి. సగం అచ్చు ఖాళీగా ఉంటే బోర్లించినప్పుడు అంత ఎత్తు నుంచి పడి పగులుతుంది.

నూనె రాయాలా? స్టీలు అచ్చుకు అక్కర్లేదు. నూనె రాస్తే తేట జెల్లీ మీద మసక పొర వస్తుంది. చల్లటి నీళ్లతో కడిగి, దులిపి, తడిగానే వాడండి.

పై పొర

అచ్చులో మొదట పోసింది బోర్లించాక పైకి వస్తుంది. అందుకే నన్నారి ముందు, కొబ్బరిపాలు తర్వాత.

1. వెడల్పాటి గిన్నెలో 75 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు పోసి, 12 గ్రాముల జెలటిన్‌ను ఉప్పు చల్లినట్టు నీటి మీదంతా చల్లండి. నీళ్లు కింద, పొడి పైన అన్న వరుస తప్పకూడదు. పొడిని కుప్పగా పోసి దానిమీద నీళ్లు పోస్తే పైపొర ఉబ్బి, లోపలి పొడికి తడి అందకుండా అడ్డు కడుతుంది. ఆ ఉండలు ఎంత తిప్పినా కరగవు. పది నిమిషాలు కదపకుండా వదిలేయండి, తడి ఇసుకలా గట్టిపడుతుంది. మేలో కుళాయి నీళ్లే గోరువెచ్చగా వస్తాయి కదా, అందుకని ఫ్రిజ్ నీళ్లే వాడండి. వెచ్చటి నీళ్లలో గింజలు జిగురుగా ఒకదానికొకటి అంటుకుంటాయి.

2. మిగిలిన 325 మిల్లీలీటర్ల నీళ్లలో 100 మాత్రం తీసి వేడి చేయండి. ఆవిరి లేచి, అడుగున చిన్న బుడగలు కనపడగానే పొయ్యి ఆపండి. నానిన జెలటిన్ మొత్తం అందులో వేసి చెంచాతో మెల్లగా తిప్పండి. రెండు నిమిషాల్లో కరుగుతుంది. చెంచా వీపు చూడండి, ఒక్క గింజ కూడా కనపడకూడదు. రెండు వేళ్ల మధ్య చుక్క రుద్దితే ఇసుక తగలకూడదు. జెలటిన్‌ను మరగనివ్వకండి. ఎక్కువసేపు మరిగితే దాని పొడవాటి గొలుసులు తెగి, పేరుకునే శక్తి తగ్గుతుంది.

3. ఇప్పుడు మిగతా 225 మిల్లీలీటర్ల మామూలు నీళ్లు సన్నటి ధారగా పోస్తూ కలపండి. ఆ తర్వాత సిరప్, అన్నిటికన్నా చివర నిమ్మరసం. ఇక్కడ మాత్రం ఐసు నీళ్లు పోయకూడదు. వేడి జెలటిన్‌లో ఒక్కసారిగా చల్లటిది పడితే పోగులు పోగులుగా గడ్డకడుతుంది. నిమ్మరసం చివరికి ఉంచడానికీ కారణం ఉంది, పులుపులో వేడెక్కితే జెలటిన్ నీరసపడుతుంది. ఈ పొరకు రెండు శాతం కంటే కాస్త ఎక్కువ జెలటిన్ పెట్టింది కూడా నిమ్మరసాన్ని లెక్కలో ఉంచుకునే.

4. పలచటి గుడ్డలో వడకట్టండి. నురగ తేలితే టిష్యూ కాగితం అంచుతో పైపైన లాగేయండి, బుడగలు దానికి అంటుకుని వస్తాయి. గిలక్కొట్టడం, మిక్సీలో వేయడం లాంటివి చేయకండి. తేట జెల్లీలో ఒక్క బుడగ కూడా దాగదు.

5. ఇందులోంచి గరిటెడు తీసి అచ్చు అడుగున పావు అంగుళం మందాన పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఇరవై నిమిషాల్లో పేరుకుంటుంది. ముంజలు నేరుగా అచ్చుకు తగలకుండా, అద్దం వెనక ఉన్నట్టు కనపడేది దీనివల్లే. మిగతా ద్రవం బయటే ఉండనివ్వండి. మన ఎండాకాలపు వంటింట్లో అది గడ్డకట్టే భయం లేదు.

6. పెద్ద బేసిన్‌లో ఐసు ముక్కలు, నీళ్లు పోసి, ద్రవం ఉన్న స్టీలు గిన్నెను అందులో నిలబెట్టండి. అడుగు, అంచులు గీకుతూ మెల్లగా తిప్పుతూ ఉండండి. పది పన్నెండు నిమిషాలకు చెంచా బరువెక్కుతుంది, ద్రవం గుడ్డు తెల్లసొనలా జారుతుంది. సరిగ్గా ఈ అదనులో ముంజ ముక్కలు వేయాలి. ముందే వేస్తే కొన్ని మునుగుతాయి, కొన్ని తేలతాయి, అన్నీ ఒకచోట చేరతాయి. ఇప్పుడు వేస్తే ఎక్కడ వేసిన ముక్క అక్కడే ఆగిపోతుంది. పరధ్యానంలో ఎక్కువ పేరుకుని గడ్డలైందా? కంగారు వద్దు, గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో పెడితే కరిగి మొదటికొస్తుంది. మళ్లీ చల్లార్చుకోవచ్చు. జున్నుకు ఈ వెసులుబాటు లేదు, ఒకసారి గట్టిపడిందంటే వెనక్కి రాదు. జెలటిన్ వస్తుంది.

7. అచ్చులో పోసి, పాత్రను ఒకసారి గట్టు మీద తట్టి ఫ్రిజ్‌లో పెట్టండి.

అడుగు పొర, రెండూ అతుక్కునే కిటుకు

ముప్పావు గంట తర్వాత మొదటి పొరను వేలితో తాకి చూడండి. వేలికి జిగురుగా అంటుకోవాలి, కానీ వేలు తీస్తే తడి రాకూడదు. రెండో పొర పోయడానికి అదే సమయం. ఇంకా తడిగా ఉంటే కొబ్బరిపాలు కిందికి చొచ్చుకుపోయి మబ్బులా వ్యాపిస్తాయి. పూర్తిగా గట్టిపడి, వేలికి ఏమీ అంటకపోతే పొరలు అతుక్కోవు, బోర్లించగానే పైది కిందదాని మీంచి జారిపోతుంది. ఆలస్యమైతే ముళ్ల చెంచాతో పైన సన్నటి గీతలు గీసి, అర చెంచా గోరువెచ్చటి నీళ్లు చిలకరించి పోయండి, పట్టు దొరుకుతుంది.

ఈలోగా 50 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లలో 6 గ్రాముల జెలటిన్ నానబెట్టండి. కొబ్బరిపాలలో పంచదార, ఉప్పు వేసి సన్నటి సెగ మీద వేడి చేసి, ఆవిరి రాగానే దించండి. మరిగితే విరిగి నూనె తేలుతుంది. జెలటిన్ వేసి కరిగించి వడకట్టండి.

తొందర చాలామందిని దెబ్బతీసేది ఇక్కడే. "గది వేడికి చల్లారనివ్వండి" అని చలి దేశాల వంటల పుస్తకాలు చెప్పేది ఇరవై డిగ్రీల గదిని దృష్టిలో పెట్టుకుని. విజయవాడలో మే నెల మధ్యాహ్నం గది వేడే నలభై దగ్గర ఉంటుంది. జెలటిన్ సుమారు ముప్పై డిగ్రీలకే మెత్తబడి కరగడం మొదలుపెడుతుంది. అలా 'చల్లారిన' కొబ్బరిపాలు పోస్తే కింద పొర కరిగి రెండూ కలిసిపోతాయి. కాబట్టి దీన్నీ ఐసు బేసిన్‌లో తిప్పాలి. మణికట్టు మీద చుక్క వేసుకుంటే చల్లగా తగలాలి, కాస్త చిక్కబడటం మొదలవ్వాలి. చిక్కబడేదాకా తిప్పితే కొబ్బరి వెన్న విడిపోయి పైకి తేలే బెడద కూడా తప్పుతుంది. తర్వాత చెంచాను జెల్లీకి దగ్గరగా బోర్లా పట్టుకుని, దాని వీపు మీద ధార పడేలా నెమ్మదిగా పోయండి. నేరుగా పోస్తే ధార పడినచోట గుంట పడుతుంది.

మూత పెట్టండి. జెలటిన్ చుట్టుపక్కల వాసనలన్నీ పట్టేస్తుంది, ఫ్రిజ్‌లో కోసిన ఉల్లిపాయ ఉంటే నన్నారి వాసన ఏమీ మిగలదు. కనీసం ఎనిమిది గంటలు ఉంచాలి. రాత్రి చేసి మర్నాడు మధ్యాహ్నం తీస్తే ఇంకా మంచిది. బ్లూమ్ పరీక్షలో అన్ని గంటలు ఆగడానికి కారణం ఇదే, పేరుకున్నట్టు కనపడ్డాక కూడా జెల్లీ గంటల తరబడి బలం పుంజుకుంటూనే ఉంటుంది. త్వరగా అవుతుందని ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. మంచు స్ఫటికాలు లోపలి వల చించేస్తాయి, బయటికి తీశాక నీళ్లు కారి, పిండిన స్పాంజిలా మిగులుతుంది.

బోర్లించడం

వడ్డించే పళ్లేన్ని అరగంట ముందు ఫ్రిజ్‌లో పెట్టండి. తీశాక దానిమీద చల్లటి నీళ్లు చిలకరించండి. జెల్లీ పక్కకు పడితే తడి పళ్లెం మీద మెల్లగా మధ్యకు జరపొచ్చు. పొడి పళ్లేనికి అంటుకుందంటే ఇక కదలదు.

వేలు తడిచేసుకుని జెల్లీ అంచును చుట్టూ లోపలికి కొద్దికొద్దిగా లాగండి. అచ్చుకూ జెల్లీకీ మధ్య గాలి దూరాలి. లోపల గాలి లేకపోతే ఎంత కుదిపినా అది పీల్చిపెట్టినట్టు అచ్చును వదలదు. తర్వాత అచ్చును వేడినీళ్లలో అంచుకు కాస్త కిందిదాకా ముంచండి. నీళ్ల వేడి చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత, నలభై ఐదు డిగ్రీల పైమాట. స్టీలు అయితే ఆరు సెకన్లు, ప్లాస్టిక్ అయితే పదిహేను, గాజు అయితే ఇరవై. నోటితో లెక్కపెట్టండి, అంచనా మీద వదలకండి. తీసి, అచ్చు బయట తుడిచి, కాస్త వాల్చి చూడండి. జెల్లీ ఒక పక్క గోడనుంచి విడివడుతూ కనపడాలి. కనపడితే పళ్లెం మూసి, తిప్పి, ఒక్క కుదుపు.

రాలేదా? కత్తి పెట్టకండి. మళ్లీ మూడు సెకన్లు ముంచండి. మూడు మూడు సెకన్ల చొప్పున ఎన్నిసార్లయినా ముంచవచ్చు, స్టీలు అచ్చును ఒకేసారి ఇరవై సెకన్లు ముంచితే మాత్రం అచ్చు నగిషీలన్నీ కరిగి నున్నగా అయిపోతాయి. బయటికొచ్చాక అంచున కరిగిన నీళ్లను టిష్యూతో అద్ది, తిరిగి పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే నిగనిగలాడుతూ వస్తుంది. సిలికాన్ అచ్చుకు వేడినీళ్ల పని తక్కువ, అంచులు విడదీసి బోర్లించి, మేజోడు విప్పినట్టు వెనక్కి లాగండి.

ఎక్కడ చెడిందో తెలుసుకోవడం

అసలు పేరుకోకపోతే ముందు అడగాల్సిన ప్రశ్న ఏ పండు వేశారని. పచ్చి అనాస, బొప్పాయి, కివీ, అంజీర, అల్లం రసం, వీటిలో మాంసకృత్తులను అరిగించే ఎంజైములు ఉంటాయి. కూరలో ముదురు మాంసం ఉడకడానికి పచ్చి బొప్పాయి వేస్తాం కదా, అదే పని ఇక్కడ జెలటిన్ మీద చేస్తుంది. ఎన్ని గ్రాములు పెంచినా ప్రయోజనం ఉండదు. అనాస కావాలనుకుంటే ముక్కలను పంచదార నీళ్లలో ఐదు నిమిషాలు బాగా ఉడికించి చల్లార్చి వేయండి, లేదా డబ్బా అనాస వాడండి. డబ్బాలో పెట్టేటప్పుడే దాన్ని వేడి చేస్తారు కాబట్టి ఆ ఎంజైము అప్పటికే చచ్చి ఉంటుంది.

పండు వల్ల కాకపోతే కొలత తప్పో, మరిగించడమో, పులుపు ఎక్కువవడమో అయి ఉంటుంది. దీన్ని బాగుచేయవచ్చు. పొరలు వేయని జెల్లీ అయితే మొత్తం గోరువెచ్చగా కరిగించి, మరో మూడు గ్రాముల జెలటిన్‌ను రెండు చెంచాల నీళ్లలో నానబెట్టి కలిపి, మళ్లీ పేరబెట్టండి. పొరలు వేసేస్తే మాత్రం గ్లాసుల్లోకి చెంచాతో తీసి వడ్డించడమే మర్యాద.

బోర్లించాక పైన అంతా మెత్తగా ఉండి ఒకచోట గట్టి చక్కలా కనపడిందంటే జెలటిన్ పూర్తిగా కరగలేదు, బరువుకు అడుక్కు చేరింది. దారాల్లాంటివి కనపడితే చల్లటిది ఒక్కసారిగా పోశారు. దానిమ్మరసం, చిక్కటి టీ డికాషన్ లాంటివాటితో చేసినప్పుడు జెల్లీ మసకబారితే తప్పు మీది కాదు, వాటిలోని ఒగరు జెలటిన్‌తో కలిసి మసకను పుట్టిస్తుంది. అలాంటి రసాలను పాల పొరగా చేసుకోవడమే తెలివైన పని.

శాకాహారులకు చైనా గ్రాస్

ఇది సముద్రపు నాచు నుంచి వచ్చేది, అగర్ అగర్ అన్నా ఇదే. మన దేశంలో తమిళనాడు రామనాథపురం తీరాన మన్నార్ సింధుశాఖలో దీనికి పనికొచ్చే నాచును సేకరిస్తారు. హైదరాబాద్‌లో రంజాన్ రోజుల్లో ఇఫ్తార్‌కు దీనితో పాల హల్వా చేసుకునే ఇళ్లు చాలా ఉన్నాయి.

జెలటిన్‌కు బదులు అంతే బరువు అగర్ వేస్తే రాయి తయారవుతుంది. పై కొలతలకు అగర్ పొడి అయితే మొదటి పొరకు 5 గ్రాములు, రెండోదానికి రెండున్నర గ్రాములు చాలు. పోచలుగా వచ్చేదైతే 6, 3 గ్రాములు తీసుకుని, కత్తిరించి అరగంట నానబెట్టాలి. జెలటిన్ మరగకూడదు, అగర్ మాత్రం మరిగి తీరాలి. మొత్తం 400 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి తిప్పుతూ నాలుగైదు నిమిషాలు మరిగించండి, పోచ జాడ కూడా కనపడకూడదు. దించాకే సిరప్, ఆ తర్వాత నిమ్మరసం. పులుపుతో కలిపి మరిగిస్తే అగర్ కూడా బలం కోల్పోతుంది. కొబ్బరిపాలకైతే అగర్‌ను 100 మిల్లీలీటర్ల నీళ్లలో విడిగా మరిగించుకుని, పాలను 170కి తగ్గించి, వేడిగా ఉన్న పాలలోనే కలపండి. చల్లటి పాలలో పోస్తే అక్కడికక్కడే తునకలుగా పేరుకుంటుంది.

ఐసు బేసిన్‌తో పనిలేదు. సుమారు 35 నుంచి 40 డిగ్రీల మధ్యే ఇది పేరుకుంటుంది కాబట్టి చకచకా పోసేయాలి. ముంజలను కూడా ఫ్రిజ్‌లోంచి ముందే తీసి ఉంచండి. ఒకసారి పేరుకుంటే ఎనభై ఐదు డిగ్రీలదాకా కరగదు. అందుకే రెండో పొరను అరవై డిగ్రీల వేడిగా ఉన్నప్పుడే పోయవచ్చు, పోయాలి కూడా, చల్లారాక పోస్తే అతకదు. అనాస, బొప్పాయి దీన్ని ఏమీ చేయలేవు, ఎందుకంటే అరిగించడానికి ఇందులో మాంసకృత్తులే లేవు.

వేడికి సులువుగా కరగని ఈ గుణం వంటింట్లోంచి ప్రయోగశాలకు కూడా వెళ్లింది. 1881లో జర్మనీలో సూక్ష్మజీవుల శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ ప్రయోగశాలలో పనిచేస్తున్న వాల్తర్ హెస్సే సూక్ష్మజీవులను పెంచడానికి వాడిన జెలటిన్ వేసవి వేడికి కరిగిపోతుంటే, ఆయన భార్య ఫానీ హెస్సే తాను జెల్లీల్లో వాడే అగర్‌ను సూచించింది. ఇవాళ్టికీ ల్యాబుల్లో వాడేది అదే.

రుచి విషయంలో మాత్రం రెండూ ఒకటి కాదు. జెలటిన్ ఒంటి వేడికే నోట్లో కరిగి రసమవుతుంది. అగర్ కరగదు, పుటుక్కున విరుగుతుంది. ఊగడం కూడా తక్కువ. ఎండలో గంటసేపు బల్లమీద ఉండాల్సిన విందుకు అగరే మేలు. ఇంట్లో నలుగురు కూర్చుని అప్పటికప్పుడు తినేదైతే, మాంసాహారం పట్టింపు లేకపోతే, జెలటిన్‌కు సాటి లేదు.

వడ్డన

జెలటిన్ జెల్లీని అందరూ కూర్చున్నాకే బయటికి తేండి. మే నెలలో ఏసీ లేని గదిలో పది నిమిషాలు దాటితే అంచులు చెమర్చడం మొదలవుతుంది. కోయడానికి పలచటి కత్తిని వేడినీళ్లలో ముంచి తుడిచి వాడండి, ప్రతి కోతకూ ఒకసారి. కొబ్బరిపాలు ఉన్నది కాబట్టి ఫ్రిజ్‌లో మూతపెట్టి రెండు రోజులే ఉంచండి.

పెద్ద అచ్చు బోర్లించే గుండె ధైర్యం ఇంకా రాకపోతే చిల్లులు లేని ఇడ్లీ రేకులు తీసుకోండి. ఒక్కో గుంటలో రెండు గరిటెల నన్నారి, ఒక ముంజ ముక్క. మూడు గంటల్లో పేరుకుంటాయి, రేకు వెనక వేడి గుడ్డతో అద్దితే వేలితో నెట్టినా వచ్చేస్తాయి. ఇంత చిన్నవాటికి బరువు తక్కువ కాబట్టి జెలటిన్ కూడా 12 గ్రాముల చోట 9 చాలు.